ఆ తరగతి గదిలో చేతులెత్తిన పిల్లలు

తెరమీద ఒక తరగతి గది. హైస్కూలు. ఆడపిల్లలూ మగపిల్లలూ బుద్ధిగా కూర్చుని వింటున్నారు. వినిపిస్తున్నది పద్యం కాదు, పాటా కాదు. ఎనిమిదేళ్ళ క్రితం తమ ఊరి మీదికి అణుబాంబును మోసుకొచ్చిన విమానం కథ! పైనుంచి చూసినవాళ్ళు చెప్పుకున్న కథ. వింటూ వింటూ ఒకమ్మాయి తట్టుకోలేకపోతుంది. మొహం పాలిపోతుంది. ముక్కునుంచి నెత్తురు కారుతుంది. పాఠం అక్కడితో ఆగిపోతుంది.

ఆ అమ్మాయి పేరు మిచికో. డాక్టర్లు పరీక్ష చేసి ల్యుకేమియా అంటారు. అంటే రక్తానికి వచ్చే క్యాన్సర్. పాఠం చెప్పే కితగావా మాష్టారు ఆ ఊరివాడు కాదు, వేరే చోటినుంచి వచ్చినవాడు. అప్పటిదాకా ఆయనకు తెలియదు, తన ఎదురుగా కూర్చున్న పిల్లల్లో బాంబు దెబ్బ తిన్నవాళ్ళు ఎంతమంది వున్నారో. అడుగుతాడు. ఒక్కొక్క చెయ్యే పైకి లేస్తుంది. ఒకటి, రెండు, అయిదు... ఆ చేతుల్ని చూస్తూ మాష్టారి మొహంలో వచ్చే మార్పు చూడాలి! పాఠం చెప్పడానికి వచ్చినవాడు పాఠం వినాల్సిన స్థితిలో పడ్డాడు.

సినిమా పేరు ‘హిరోషిమా’. 1953లో వచ్చిన జపాన్ చిత్రం. దర్శకుడు హిడియో సెకిగావా. మాష్టారుగా వేసిన నటుడు ఎయిజి ఒకాడా. ఈ ఒకాడాయే తరువాత 1959లో ఫ్రెంచి దర్శకుడు అలెన్ రెనె తీసిన ‘హిరోషిమా మోన్ అమోర్’లో కథానాయకుడయ్యాడు. ఫిల్మ్ సొసైటీల వైపు తొంగిచూసే అలవాటున్నవాళ్ళకు ఆ మొహం పరిచయమే. రెనె తన సినిమాలో ఈ పాత ‘హిరోషిమా’ తాలూకు ముక్కల్ని కూడా వాడుకున్నాడు.

మళ్ళీ ఆ అమ్మాయి దగ్గరికి వద్దాం. ముక్కునుంచి నెత్తురు కారడం అనగానే సినిమా చూసీ చూసీ రాటుదేలిన మనవాళ్ళకు ఓ అనుమానం వస్తుంది. హీరోయిన్ దగ్గితే క్షయ, నెత్తురొస్తే క్యాన్సర్, ఇంటర్వెల్ తరువాత చావు... ఇదీ అలాంటిదేనా? కాదండీ. ఇక్కడ కథ రాసినవాళ్ళు ఏడిపించడానికి లెక్క తప్పలేదు. బాంబు రేడియేషన్ సోకినవాళ్ళలో ల్యుకేమియా సుమారు రెండేళ్ళ తరువాత ఎక్కువవడం మొదలై, ఆరు ఎనిమిదేళ్ళకు పతాకస్థాయికి చేరిందని తరువాతి వైద్య పరిశోధనల్లో తేలింది. పిల్లల్లో మరీ ఎక్కువ. 1945 ఆగస్టుకు ఎనిమిదేళ్ళు కలపండి. 1953! అంటే, తెరమీద మిచికోకు జబ్బు చేసిన ఏడాదే తెర బయట ఆ ఊళ్ళో నిజం పిల్లలకూ జబ్బు చేస్తోంది. సడాకో ససాకి అనే అమ్మాయి పేరు మీరు వినే వుంటారు, కాగితపు కొంగలు మడిచిన అమ్మాయి. బాంబు పడేనాటికి రెండేళ్ళ పిల్ల. ఆ తరువాత ఒంట్లో నలతేమీ లేదు, బళ్ళో పరుగుపందాల్లో ముందుండేది. 1955లో అదే ల్యుకేమియాతో పన్నెండేళ్ళకు చనిపోయింది. సినిమా ముందు వచ్చింది, సడాకో తరువాత. ఆ వరస తల్చుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది.

ఇంతకీ ఈ బొమ్మ తీసిన నిర్మాత ఎవరనుకున్నారు? పంతుళ్ళు! నిజంగా పంతుళ్ళే. జపాన్ ఉపాధ్యాయ సంఘం వాళ్ళు తలా 50 యెన్‌లు వేసుకుని తీయించారు. మనకు ఇలాంటిది తెలియనిదేం కాదు. మన హైదరాబాదు బిడ్డ శ్యామ్ బెనెగల్ 1976లో తీసిన ‘మంథన్’కు గుజరాత్ పాడిరైతులు 5 లక్షలమంది తలా రెండు రూపాయలు ఇచ్చారు. అయితే రైతుల సినిమాకు అంతకు ఇరవై మూడేళ్ళ ముందే పంతుళ్ళ సినిమా వుందన్నమాట.

పంతుళ్ళకు ఈ పట్టుదల ఎందుకొచ్చిందంటే దానికో కథ వుంది. యుద్ధం ముగిసి అమెరికా సైన్యం జపాన్‌లో దిగాక, 1945 సెప్టెంబరు నుంచి పత్రికలమీద ఆంక్షలు పెట్టారు. బాంబు ఏం చేసిందో రాయడానికి వీల్లేదు, ఫోటోలు వేయడానికి వీల్లేదు. 1952 ఏప్రిల్‌లో ఆ పెత్తనం ముగిసేదాకా హిరోషిమా బయట వున్న జపాన్ పిల్లలు కూడా ఆ ఫోటోలు పెద్దగా చూసింది లేదు. ఆ మధ్యలోనే అరాటా ఒసాడా అనే విద్యావేత్త (ఆయనా బాంబు బారిన పడినవాడే) బళ్ళకు వెళ్ళి పిల్లలచేత వాళ్ళు చూసింది చూసినట్టు రాయించాడు. అందులోంచి 105 ఏరి 1951లో పుస్తకం వేశాడు. పేరు ‘గెన్‌బాకు నో కో’, అంటే అణుబాంబు పిల్లలు. పుస్తకం సంచలనమైంది.

దాని ఆధారంగా ముందు వచ్చిన సినిమా కనెటో షిండోది. 1952 ఆగస్టు 6న విడుదల. ఒక టీచరమ్మ కొన్నేళ్ళకు హిరోషిమా వెళ్ళి, ఒకప్పుడు తన దగ్గర చదువుకున్న పసివాళ్ళలో మిగిలినవాళ్ళను వెతుక్కునే కథ. నొబుకో ఒతోవా బ్రహ్మాండంగా నటించింది. అందరూ కంటతడి పెట్టారు. పంతుళ్ళ సంఘానికి మాత్రం నచ్చలేదు! కన్నీళ్ళు వుంటే సరిపోదు, అసలు ఏం జరిగిందో చూపించాలి అన్నారు. అలా పుట్టింది రెండో బొమ్మ, మన తరగతి గది బొమ్మ. ఈ వ్యాసం రాస్తున్నవాడిని అడిగితే షిండో చిత్రాన్ని అంత తేలిగ్గా తీసిపారేయలేను. కానీ పంతుళ్ళ మాటలో పస వుంది.

షూటింగు హిరోషిమాలోనే. ఊళ్ళోవాళ్ళు సుమారు 90 వేలమంది తెరమీద కనిపిస్తారు! ఎక్‌స్ట్రాలు అనడానికి నోరు రాదు. ఇళ్ళల్లో దాచుకున్న ఆనాటి బట్టలూ వస్తువులూ తెచ్చి ఇచ్చారు. ఎనిమిదేళ్ళ క్రితం ఏ వీధిలో పరుగెత్తారో ఆ వీధుల కథలోనే మళ్ళీ పరుగెత్తారు. యుమెజి త్సుకియోకా ఆ రోజుల్లో పెద్ద తార. ఆమెది హిరోషిమాయే. పారితోషికం తీసుకోకుండా వేసింది. ఆమె పాత్ర ఒక ఆడపిల్లల బడి టీచరు. మంటలకు తాళలేక పిల్లల్ని పట్టుకుని నదిలోకి దిగుతుంది. ఒకరినొకరు ఆనుకుని నిలబడతారు. తరువాత నీళ్ళు... ఆ సన్నివేశం గురించి ఇంతకన్నా రాయలేను. మీరే చూడండి.

బొమ్మ తయారయ్యాక పేరున్న పంపిణీ సంస్థ షోచికు కొన్ని చోట్ల కత్తెర వేయమంది. అమెరికాకు కోపం వస్తుందని బెరుకు. తీసినవాళ్ళు ససేమిరా అన్నారు. దాంతో పెద్ద హాళ్ళు దొరక్క ‘హిరోషిమా’ చాలాకాలం చూసేవాళ్ళు లేక మరుగున పడింది. సంగీతం అకిరా ఇఫుకుబె. ఆ మరుసటి ఏడు, 1954 నవంబరులో, అదే ఇఫుకుబె సంగీతంతో ఇంకో బొమ్మ వచ్చి లోకాన్ని ఊపేసింది. ‘గాడ్జిలా’! హైడ్రోజన్ బాంబు పరీక్షలకు సముద్రంలోంచి నిద్రలేచిన రాకాసి బల్లి. అదే ఏడు మార్చిలో అమెరికా బికినీ దీవుల్లో జరిపిన పరీక్ష బూడిద ఒక జపాన్ చేపల పడవమీద రాలింది. సెప్టెంబరులో ఆ పడవ రేడియో ఆపరేటరు చనిపోయాడు. పిల్లలు ఈలలేసి చూసిన బల్లి వెనక వున్న అసలు సంగతి అది.

చెప్పొద్దూ, ఈ సినిమాల వెంట పడి చదువుతుంటే నన్ను అన్నిటికన్నా ఎక్కువ పట్టి ఆపింది సినిమా కాదు, ఒక రాయి.

హిరోషిమాలో శాంతివనానికి దగ్గర్లో, రోడ్డు పక్కన ఒక స్మారకశిల వుంది. హిరోషిమా మునిసిపల్ బాలికల హైస్కూలుది. బాంబు పడిన ఉదయం, 1945 ఆగస్టు 6న, ఆ బడి పిల్లలు క్లాసులో లేరు. యుద్ధం కదా, శత్రువుల విమానాలు మంటలు పెడితే పాకకుండా ఊరి నడుమ ఖాళీ జాగాలు చేస్తున్నారు. అందుకు ఇళ్ళు పడగొట్టి పెంకులూ దూలాలూ మోసే పని పిల్లలకు అప్పగించారు. పన్నెండు పదమూడేళ్ళ పిల్లలు! ఊరు మొత్తంమీద అలాంటి పనిలో వున్న విద్యార్థులు సుమారు 8 వేలమంది. వాళ్ళలో 6 వేలమందికి పైగా పోయారు. ఈ ఒక్క బడివాళ్ళే ఆరువందలకు పైగా.

1948లో ఆ పిల్లల పేర గుర్తు నిలపాలనుకున్నారు. ఇందాక చెప్పిన ఆంక్షలున్నాయి కదా, ‘అణుబాంబు’ అన్న మాట రాతిమీద చెక్కడానికి లేదు. ఏం చేయాలి? భౌతిక శాస్త్రవేత్త హిడెకి యుకావా, ఆ తరువాతి ఏడాదే నోబెల్ బహుమతి అందుకున్నాయన, ఒక ఉపాయం చెప్పాడు. రాతిమీద ముగ్గురు అమ్మాయిల బొమ్మలు చెక్కారు. నడుమనున్న అమ్మాయి చేతిలో ఒక పెట్టె. పెట్టెమీద ఒక సూత్రం. ఈ ఈక్వల్ టు ఎమ్‌సీ స్క్వేర్. అంతే! బాంబు అన్న మాట లేదు, హిరోషిమా అన్న మాట లేదు. సైన్సు పుస్తకంలో వుండే సూత్రం పిల్లల సమాధిరాయి మీద ఎక్కింది.

మనం ఈ సూత్రాన్ని టీ షర్టులమీద వేసుకుంటాం. పదార్థం శక్తిగా మారితే ఎంత వస్తుందో చెప్పే లెక్క అది. హిరోషిమా మీద వేసిన బాంబులో 64 కిలోల యురేనియం వుంది. అందులో నిజంగా చీలింది ఒక కిలో కూడా లేదు. చీలిన దాంట్లో మాయమై శక్తిగా మారిన పదార్థం ఒక గ్రాముకన్నా తక్కువ. రెండు చిటికెల ఉప్పు అనుకోండి. దానికే సుమారు 15 వేల టన్నుల టీఎన్‌టీ మందుగుండు పేలినంత శక్తి వచ్చింది. నేలకు 600 మీటర్ల ఎత్తున, ఉదయం 8 గంటల 15 నిమిషాలకు. ఆ ఏడాది ఆఖరుకు పోయినవాళ్ళు సుమారు లక్షా 40 వేలమంది. ‘వేగం వర్గం’ అని మాష్టారు బోర్డుమీద రాస్తే పరీక్షకు బట్టీ పట్టేసే మనకు, ఆ వర్గం చేసే పని ఇది అని తట్టదు.

అన్నట్టు, మన పాఠ్యపుస్తకాల్లో ‘పరమాణువు’ అంటే ఆటమ్, ‘అణువు’ అంటే మాలిక్యూల్. పదో క్లాసులో ఈ తేడా రాయకపోతే మార్కులు పోతాయి. కానీ బాంబు దగ్గరికొచ్చేసరికి అణుబాంబే, అణువిద్యుత్తే. పుస్తకం భాష ఒకటి, పేపరు భాష ఒకటి. పిల్లవాడు రెండూ ఒకటేనని ఎలా పట్టుకోవాలి? ఇది తెలుగు పంతుళ్ళూ సైన్సు పంతుళ్ళూ కూర్చుని తేల్చుకోవాల్సిన తగువు. మనం ముందుకు పోదాం.

జపాన్ పిల్లలు చేతులెత్తుతున్న రోజుల్లో బాంబు వేసిన దేశంలో పిల్లలకు ఏం పాఠం చెబుతున్నారు? అక్కడా సినిమాతోనే చెప్పారు. 1949లో రష్యా కూడా బాంబు పేల్చేసరికి అమెరికాకు గుండె ఝల్లుమంది. ప్రభుత్వం వాళ్ళు 1951లో ‘డక్ అండ్ కవర్’ అని తొమ్మిది నిమిషాల రీలు తీయించి బళ్ళలో వేశారు. హీరో బెర్ట్ అనే కార్టూన్ తాబేలు! ప్రమాదం వస్తే చటుక్కున డొప్పలోకి ముడుచుకుంటుంది. మీరూ అలాగే వెలుగు కనపడగానే బల్లకింద దూరి మెడ కప్పుకోండి అని పాట. న్యూయార్క్ బళ్ళలోని నిజం పిల్లలే ఇందులో బల్లల కింద దూరారు. ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. పూర్తిగా నవ్వి పారేయడానికీ లేదు. బాంబుకు దూరంగా వున్నవాళ్ళు పగిలి ఎగిరొచ్చే అద్దాలకే ఎక్కువ గాయపడతారు, వాళ్ళకు బల్ల అక్కరకొస్తుంది. కానీ దగ్గరున్నవాళ్ళ మాటేమిటి? తాబేలు చెప్పదు.

తరువాత 1957 జనవరిలో సాక్షాత్తూ వాల్ట్ డిస్నీ రంగంలోకి దిగాడు. టీవీలో ‘అవర్ ఫ్రెండ్ ది ఆటమ్’. అణువు మన నేస్తం! హైంజ్ హేబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త సూత్రధారి. అరేబియన్ నైట్స్‌లో జాలరి వలలో పడిన సీసా, సీసాలో భూతం కథతో మొదలుపెట్టి, అణువు కూడా అలాంటి భూతమే, మన మాట వింటే మూడు కోరికలు తీరుస్తుంది అంటాడు. కరెంటు ఒకటి, తిండీ వైద్యమూ ఒకటి, శాంతి ఒకటి. తమాషా ఏమిటంటే, మన అక్కినేని ‘అల్లావుద్దీన్ అద్భుతదీపం’ వచ్చింది కూడా 1957లోనే. ఆ ఏడు భూతాలకు బాగా గిరాకీ వున్నట్టుంది!

వెక్కిరిస్తున్నాను గానీ, గొలుసు చర్యను అంత తేలిగ్గా చెప్పిన రీలు మరొకటి నేను చూడలేదు. ఒక బల్లనిండా ఎలుకల బోనులు. ఒక్కో బోనుమీద పింగ్‌పాంగ్ బంతులు. హేబర్ ఒక్క బంతి విసురుతాడు. అది ఒక బోనును లేపుతుంది, దాని బంతులు మరికొన్నిటిని... చూస్తుండగానే బల్లమీద తుపాను! ఒక న్యూట్రాన్ తగిలి యురేనియం చీలడం, చీలినప్పుడు కొత్త న్యూట్రాన్లు రావడం, అవి మళ్ళీ చీల్చడం, ఇదే సంగతి. ఈ రీళ్ళు బళ్ళకు చేరాయి, పుస్తకమూ వచ్చింది, ఒక తరం పిల్లలు సైన్సు మీద మోజు పెంచుకున్నారు. ఆ బంతుల్లో ఒక్కటీ మిచికో బెంచీ దాకా వచ్చి పడలేదు, అదీ నా ఫిర్యాదు.

అమెరికా కుర్రకారుకు రెండో సగం తెలియడానికి 1983 దాకా పట్టింది. ఆ జూన్‌లో ‘వార్ గేమ్స్’ వచ్చింది. హైస్కూలు కుర్రాడు (మాథ్యూ బ్రోడరిక్) ఆటనుకుని సైన్యం కంప్యూటర్‌లోకి జొరబడి మూడో ప్రపంచయుద్ధం అంచుకు తెస్తాడు. ప్రెసిడెంటు రీగన్, ఒకప్పటి సినిమా యాక్టరు కదా, విడుదలైన వారంలోనే చూసి, సేనాధిపతి వెస్సీని పిలిచి ‘ఇలా జరగొచ్చా?’ అని అడిగాడు. వారం తిరిగాక వచ్చిన జవాబు, పరిస్థితి మీరనుకున్నదానికన్నా అధ్వాన్నం అని! కంప్యూటర్ల భద్రతమీద 1984లో ఆయన సంతకం చేసిన ఉత్తర్వు వెనక ఈ మ్యాట్నీ కబురే వుంది.

ఆ నవంబరు 20న టీవీలో ‘ది డే ఆఫ్టర్’. కాన్సస్ రాష్ట్రంలో లారెన్స్ అనే మామూలు ఊరిమీద బాంబులు పడితే ఏమవుతుందో చూపించారు. దర్శకుడు నికొలస్ మేయర్. ఇక్కడా ఆ ఊరి జనమే వేషాలు వేశారు. సుమారు 10 కోట్లమంది చూశారు. చిన్నపిల్లల్ని ఒంటరిగా చూడనివ్వొద్దని ముందే హెచ్చరికలు, మర్నాడు బళ్ళలో చర్చలు. చూశాక మనసు కుంగిపోయిందని రీగన్ డైరీలో రాసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ క్రితం జపాన్ పంతుళ్ళు అడిగింది ఇదేగా!

ఇక మన తరం సంగతి. 2023 జూలైలో నోలన్ ‘ఆపెన్‌హైమర్’ వచ్చినప్పుడు మన హాళ్ళూ కిటకిటలాడాయి. మూడు గంటల బొమ్మ, పాటల్లేవు, ఫైట్లు లేవు. అయినా కాలేజీ కుర్రాళ్ళు రెండేసి సార్లు చూశారు. ఎడారిలో మొదటి పేలుడు, శబ్దం లేకుండా వెలుగు... హాలంతా ఊపిరి బిగబట్టింది. సిలియన్ మర్ఫీకి ఆస్కార్ సరైనదే. అయితే నోలన్ హిరోషిమాను చూపించలేదు. ఆపెన్‌హైమర్‌కు ఎంత తెలుసో ప్రేక్షకుడికీ అంతే తెలియాలన్నది ఆయన పద్ధతి. అక్కడి ఫోటోలు చూపిస్తుంటే ఆపెన్‌హైమర్ కళ్ళు తిప్పుకుంటాడు, కెమెరా అతని మొహంమీదే వుంటుంది. కథగా చూస్తే నాకు అది లోపం అనిపించలేదు. కానీ ఆ తెర ఏం చూస్తోందో తెలియనివాడికి ఆ మొహం ఏం చెబుతుంది? జపాన్‌లో ఆ చిత్రం 2024 మార్చి 29న గానీ విడుదల కాలేదు.

ఒకటి మాత్రం చెప్పాలి. బాంబు చూసినవాళ్ళు తగ్గిపోతున్నారు. జపాన్ ప్రభుత్వం లెక్కలో 2025 మార్చికి వాళ్ళు లక్షకు దిగారు, 99,130 మంది. సగటు వయసు 86 దాటింది. చిత్రంగా, ఈ తొందర ముందు పట్టుకున్నది మళ్ళీ ఒక హైస్కూలే. హిరోషిమాలోని మోతోమాచి హైస్కూల్లో చిత్రకళ నేర్చుకునే పిల్లలు 2007 నుంచి ఒక పని చేస్తున్నారు. ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క పెద్దాయన దగ్గరో పెద్దావిడ దగ్గరో కూర్చుంటాడు. ఆ రోజు కళ్ళతో చూసిన ఒక్క దృశ్యం చెప్పమంటాడు. వింటాడు, స్కెచ్ వేస్తాడు, పట్టుకెళ్ళి చూపిస్తాడు. ఇలా కాదు అంటే చెరిపి మళ్ళీ వేస్తాడు. నెలల తరబడి సాగుతుంది. ఆఖరుకు తైలవర్ణ చిత్రం తయారవుతుంది. ఆ బొమ్మల్ని పట్టుకునే ఆ పెద్దలు ఇప్పుడు బళ్ళకు వెళ్ళి తమ కథ చెబుతున్నారు.

పదహారు పదిహేడేళ్ళ పిల్లలు. అంటే, సరిగ్గా మిచికో బెంచీమీద కూర్చున్న వయసు. ‘హిరోషిమా’ సినిమా ఇప్పుడు కొత్త ప్రింటుతో బయటికొచ్చింది, వెతికితే దొరుకుతుంది. ఆ మొదటి పది నిమిషాల తరగతి గది చూసి, ఆ తరువాత ఆ పిల్లల చిత్రాలు చూడండి. మాష్టారు అడగ్గానే లేచిన చేతుల్లో ఈసారి కుంచెలు కనపడతాయి.